ఎవరి వంతుకీ రాని నెల

పలాసలో నేను పనిచేసిన జీడిపప్పు ఫ్యాక్టరీలో నా ఉద్యోగం ఏమిటో చివరిదాకా ఎవరికీ సరిగ్గా తెలీదు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లకి నేను కంపూటరు బాబుని. యజమానుల ఇంట్లో ఫోను పాడైనా, టీవీ రాకపోయినా, ఆఖరికి మిక్సీ తిరక్కపోయినా నాకే కబురొచ్చేది. నేను సర్వర్లు చూసేవాణ్ణి. ఈ ఒక్క ముక్క వాళ్ల బుర్రకెక్కించాలని చాలాకాలం ప్రయత్నించి, విసుగొచ్చి, మిక్సీలు బాగుచెయ్యడం నేర్చుకున్నాను.

మాది కోటబొమ్మాళి. నాన్న గుమాస్తాగా చేసి పోయాడు. నేను విశాఖపట్నంలో ఒక కంపెనీలో ఈ పని నేర్చుకున్నాను. అమ్మ కూడా పోయాక, అన్నావదినలకి దగ్గరగా ఉందామని ఇటు వచ్చేశాను. నేను దగ్గరగా ఉండటం వాళ్లకి అంత అవసరమేమీ కాదని వచ్చాక తెలిసింది. పెళ్లి అనుకున్నది ఒకటి తప్పిపోయింది, ఇంకోటి అనుకోలేదు.

నేను చేరేసరికి ఆఫీసులో ఐదు పాత కంప్యూటర్ పెట్టెలున్నాయి. ఒకటి ఖాతాలకి, ఒకటి గోడౌన్ సరుక్కి, ఒకటి ఆడవాళ్ల హాజరుకి, ఒకటి లారీలకి. ఐదోది ఎందుకో ఎవరికీ తెలీదు గాని, ఆపితే ఏం మునుగుతుందో అని ఎవరూ దాన్ని ఆపలేదు. బట్టీ పొగ, పిక్కల జిడ్డు, ఉద్దానం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, వీటన్నిటికీ తట్టుకోలేక ఏదో ఒక పెట్టె ఎప్పుడూ మంచమెక్కే ఉండేది. పోనీ ఏదైనా ఒళ్లు వంచి పనిచేసేదా అంటే అదీ లేదు. ఇద్దరు చేసే పనికి ఐదుగుర్ని పెట్టి మేపుతున్నట్టుండేది నాకు.

యజమానులు అన్నదమ్ములిద్దరు. అందరికీ పెద్దబాబు, చిన్నబాబు. ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఒకటే గట్టి సర్వర్ కొని ఈ ఐదింటినీ అందులో పెడదామన్నాను. ఎలాగని అడిగారు.

"ఒకటే పెద్ద ఇల్లు బాబుగారూ. అందులో వాటాలు కట్టి అద్దెకిచ్చినట్టు. ఏ వాటావాడికి ఆ వాటాయే ఇల్లు. ఒక్కోదాన్నీ వర్చువల్ మెషీన్ అంటారు. పక్కనొకడున్నాడని కూడా దానికి తెలీదు."

"అద్దెకున్నోలు ఒకలికొకలు కనబడరా?" అన్నాడు పెద్దబాబు.

"కనబడరు."

"అదురుష్టవంతులు" అని పకపకా నవ్వాడు. చిన్నబాబు నవ్వలేదు. నేను అది గమనించానే తప్ప పట్టించుకోలేదు.

సర్వర్ వచ్చింది. ఆవరణ నడిమధ్య వాళ్ల నాన్నగారి గది ఒకటుంది. అరవైల చివర, పలాసలో జీడి బట్టీలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగే రోజుల్లో, ఆ పెద్దాయన కట్టించుకున్నది. మందపాటి గోడలు, ఎదురెదురుగా రెండు తలుపులు, ఒక పక్క చిన్న వసారా. అక్కడ ఏసీ పెట్టించాను, కిటికీలు మూయించాను, కరెంటు పోయినా నిలబడేలా బ్యాటరీలు పెట్టించాను. ఒక్కో పాత పెట్టెలోని సరంజామా అంతా ఎత్తి, కొత్తదాంట్లో దానికో వాటా కట్టి, సెలవు రోజుల్లో ఒక్కోటీ మార్చాను. సోమవారం పొద్దున్న గుమాస్తాలు వచ్చి ఏ తేడా తెలియకుండా పని మొదలుపెట్టేవారు. ఆ ఐదోదాన్ని కూడా జాగ్రత్తగా తెచ్చి పెట్టాను. అది ఎందుకో నాకూ తెలీలేదు.

నాకిచ్చిన గది షెడ్డు మీద. అక్కడ పొయ్యి లేదు. చేరిన రోజే మధ్యాహ్నం ఆ బాబుల తల్లి ఇంటి గుమ్మంలోంచి కేకేసింది. ఊరందరికీ ఆవిడ పెద్దమ్మ.

"ఏటి బాబూ, అలగే కూకున్నావు? యేళయిపోనాది. రా, తిందువుగాని."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం నా కంచం ఆ ఇంట్లోనే. వరసగా కొడుకులు, మనవలు, ఒక చివర నేను. పనసకాయ కూర, కొబ్బరి పచ్చడి, దేంట్లోనైనా సరే నాలుగు జీడిబద్దలు. నేను చాలంటే ఆవిడకి కోపం. "ఈ తిండితో ఆ యంత్రాన్ని ఏటి మోత్తావు?" అనేది, నేనేదో దాన్ని నెత్తిన పెట్టుకు తిరుగుతున్నట్టు. అమ్మ పోయాక నాకు మారు వడ్డించిన మనిషి ఆవిడే. నాకు ఆ ఊళ్లో కావలసింది ఆ పీట ఒక్కటే. మిగతా పలాస అంతా ఎవరికిచ్చేసినా నాకేం ఫరవాలేదు.

తర్వాత అన్నదమ్ములు విడిపోయారు. పైకి ఒక లారీ తగువు. అసలు సంగతి, ఇద్దరి పిల్లలూ పెద్దవాళ్లవుతున్నారు, అంతే.

పంపకాలకి టెక్కలి వైపు నుంచి ఒక పెద్దమనిషిని పిలిచారు. ఉద్దానంలో కొబ్బరితోటలు చెట్టు చెట్టుగా పంచి పేరు తెచ్చుకున్నవాడు. ఆయన సూత్రం ఒకటే. "మజ్జిన ఏదీ మిగల్కూడదు. మిగిలిందే తగువుకి ఇత్తనం." గట్టుంటే నడిమికి కొట్టేవాడు. బావి ఉంటే పూటలు పంచేవాడు. ఆయన పంచిన అన్నదమ్ములు మళ్లీ కోర్టుకెక్కలేదని చెప్పుకునేవారు. షెడ్లు, గోడౌన్లు, లారీలు, తోటలు అయ్యాయి. తల్లి దగ్గరికొచ్చారు. ఆవిడకి నెలలు పంచారు. చైత్రం పెద్దబాబు, వైశాఖం చిన్నబాబు, జ్యేష్ఠం పెద్దబాబు, ఆషాఢం చిన్నబాబు, అలా ఫాల్గుణం దాకా. ఆవిడ తలుపు పక్కనే కూర్చుని ఉంది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

ఆఖర్న సర్వర్ దగ్గర ఆగిపోయారు. చీట్లు వేద్దామని ఒకరు, అమ్మేద్దామని ఒకరు. నేనే గొంతు సవరించుకుని లేచాను. దాన్ని కొయ్యక్కర్లేదని, లోపలే ఇద్దరికీ వేరు వేరు మెషీన్లు కట్టిస్తానని, ఒకరివి ఒకరికి కనబడవని చెప్పాను. నాకు చాలా గర్వంగా ఉంది ఆ క్షణాన. అందరూ మెచ్చుకోలుగా చూశారు.

"అయితే ఒకటి" అన్నాను. "ఇందులో మెమరీ అని ఉంటుంది. మెషీన్లు పనిచేసుకునే చోటు. దాన్ని మొత్తం పంచెయ్యకూడదు. అన్నిట్నీ మోసే యంత్రానికి కూడా కొంత ఉంచాలి."

పెద్దమనిషి నావైపు చిత్రంగా చూశాడు. "యంత్రానికేటి వాటా? అదేటి, ఈల్ల అయ్యకి మూడో కొడుకా?"

ఘొల్లుమన్నారు. ఉంచకపోతే పని ఎక్కువైన రోజు మొత్తం పడిపోతుందన్నాను. "పడ్డనాడు సూద్దుం. సమంగా రెండు సెయ్. మజ్జిన సిల్లిగవ్వ ఉండకూడదు" అన్నాడాయన. నేను ఎంత చెప్పినా అన్నదమ్ములు కూడా అదే మాట. చెప్పినట్టే చేశాను. విచిత్రమేమిటంటే, ఆయన ఇంత పట్టుబట్టినా ఆ గది, ఆ సర్వర్, నేను, మూడూ ఉమ్మడిలో మిగిలిపోయాం. ఎటు తోసినా రెండోవాడు ఒప్పుకోలేదు మరి.

ఆవరణలో గోడ లేచింది. రెండు వైపుల నుంచీ వచ్చి సర్వర్ గదికి ఆనుకుని ఆగింది. ఒక తలుపు పెద్దబాబు వాకిట్లోకి, ఒక తలుపు చిన్నబాబు వాకిట్లోకి. గోడకి కన్నాలు పెట్టి రెండు ఆఫీసులకీ వేరు వేరు కేబుళ్లు లాగాను. చిన్నబాబు వచ్చి మెల్లిగా అడిగాడు.

"అన్నకి నాయి కనబడతాయా?"

"కనబడవు."

"నీకో?"

"నాకు కనబడతాయి. చూడను."

ఆ సమాధానంతో నా పని అయిపోయింది. మర్నాడు పెద్దబాబు కూడా అదే అడిగాడు, అదే చెప్పాను. గోడ పూర్తయిన మధ్యాహ్నం నేను రెండు తలుపులూ తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. రెండు వైపులా కంచాల చప్పుడు వినబడింది. ఏ వైపు నుంచీ కేక రాలేదు. ఇతను ఆ ఇంట్లో తింటాడులే అని వీళ్లు, ఈ ఇంట్లో తింటాడులే అని వాళ్లు. పైగా పిలిస్తే, రెండోవాడి సంగతులు లాగడానికే పిలిచారంటారని భయం. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. పెద్దమ్మ పిలవచ్చు కదా అంటే, ఆవిడే వంతు మీద తింటున్న మనిషి. ఇంకొకర్ని ఎక్కడికి పిలుస్తుంది?

కాశీబుగ్గలో మెస్సుకి పోవడం మొదలుపెట్టాను. అక్కడ అందరూ పలకరించేవాళ్లే. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టుకోను తావు లేదంటారు, అదీ నా బతుకు. తిని వచ్చి ఏసీ గదిలో ఆ సర్వర్ ఫ్యాన్ల హోరు వింటూ కూర్చునేవాణ్ణి. పొద్దున్న బ్యాకప్ సరిగా పడిందో లేదో చూడటం, వారానికోసారి అందులోంచి ఏదో ఒక మెషీన్ని తిరిగి లేపి పరీక్షించడం, ఏసీ నీళ్ల బకెట్ పారబొయ్యడం. నా పని బాగుంటే రోజంతా నాతో ఎవరూ మాట్లాడక్కర్లేదు. నా పని బాగానే ఉండేది.

వేసవిలో పిక్కల సీజన్ వచ్చింది. ఉద్దానం నుంచి, ఒడిశా నుంచి లారీలు బారులు తీరాయి. రెండు వైపులా గుమాస్తాలు తమ వాటా మెమరీని మొదటిసారి అంచుదాకా వాడారు. మోసేదానికి నిలబడను చోటు లేకపోయింది. ఊపిరాడక, చేతికందిన మెషీన్నల్లా మూసెయ్యడం మొదలుపెట్టింది. ముందు పెద్దబాబు లారీల కాటా లెక్క ఆగింది. తర్వాత చిన్నబాబు హాజరు ఆగింది. రోడ్డు మీద లారీల హారన్లు.

"ఆడు నాది లాగీసుకున్నాడు!" అని ఒక తలుపులోంచి పెద్దబాబు. ఇంకో తలుపులోంచి చిన్నబాబుదీ అక్షరం తేడా లేకుండా అదే మాట. ఎవరూ లాక్కోలేదని, ఇద్దరి దగ్గరా కొంచెం తీసి యంత్రానికి ఉంచితే సర్దుకుంటుందని చెప్పాను.

"ముందు ఆడి కాడ తియ్యి" అన్నాడు పెద్దబాబు. "ముందు అన్న కాడ" అన్నాడు చిన్నబాబు.

నాకు ఒళ్లు మండింది. "ఇద్దరూ వచ్చి నిలబడండి. ఒకేసారి తీస్తాను. రాకపోతే లారీలు అలాగే ఉంటాయి" అన్నాను. వచ్చారు. ఎవరి తలుపులోంచి వాళ్లు, ఎవరి గడప మీద వాళ్లు. గోడ కట్టాక వాళ్లిద్దరూ ఒక గదిలో ఉండటం అదే మొదలు. అన్నీ ఆపి, ఇద్దరి వాటాలోంచీ సమంగా తీసి, మళ్లీ లేపాను.

"తీసింది ఇప్పుడెవలి పేర ఉంతాది?" అన్నాడు పెద్దబాబు.

"ఎవరి పేరా ఉండదు."

ఆ మాట ఇద్దరికీ నచ్చలేదు. ఎదటివాడికి కూడా నచ్చలేదని చూసుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

ఆ ఏడు ఆషాఢం రెండుసార్లు వచ్చింది. ముందు అధికం, తర్వాత నిజం. నెలలు పంచిన పెద్దమనిషికి ఈ అధిక మాసం సంగతే తట్టలేదు. జ్యేష్ఠం అయిపోయింది కాబట్టి తన వంతు తీరిందన్నాడు పెద్దబాబు. తనది నిజ ఆషాఢమే గాని అధికం కాదన్నాడు చిన్నబాబు. తల్లికి అన్నం పెట్టలేని దరిద్రులు కాదు ఇద్దరూ. ముందు పిలిచినవాడు ఓడినట్టని, అదీ గొడవ. ఆవిడ ఇద్దరి మాటా విని, రెండు చీరలు, ఒక గిన్నె, ఒక పాత కిరసనాయిల్ స్టవ్వు పట్టుకుని సరాసరి సర్వర్ గదిలోకి వచ్చింది.

"ఇది మా ఆయన గది. ఎవలి వంతూ కాదు గద? ఈ నెల ఇక్కడే" అంది.

వసారాలో స్టవ్వు పెట్టింది. మధ్యాహ్నమయ్యేసరికి కేక. "బాబూ, రా." నేను రెండు అడుగులు వేస్తే చాలు, అయినా కేకే. ఆ మొదటి ముద్ద తింటుంటే నాకు ఏడుపొచ్చింది. కారమని చెప్పాను. "నాను కారం తక్కువేసినాను" అంది.

నా జీవితంలో అంత సుఖపడ్డ నెల లేదు. ఆవిడకి ఆ గది చలి పడేది కాదు. "ఈ గదికి సలిజొరం" అనేది. ముసురు పట్టి బట్టలారకపోతే, సర్వర్ వెనక వేడిగాలి కొడుతుందని కనిపెట్టి, చీర తెచ్చి అక్కడ ఆరేసింది. నేను లబలబలాడాను. గాలి ఆగితే యంత్రం చస్తుందన్నాను. చీర తీసేసి, మర్నాడు కొంచెం దూరంగా చేటలో పనస అప్పడాలు పెట్టింది. నేను చూసీ చూడనట్టున్నాను. ఆ అప్పడాల వాసన ఏసీ గదంతా పట్టేసింది.

"ఇందలో అన్ని యంత్రాలున్నాయంతావు, ఒక్కటీ కనబడదేటి?" అని అడిగింది ఓ రోజు. తెర మీద వాటి పేర్లు చూపించాను. పెద్దకొడుకువి ఇవి, చిన్నకొడుకువి ఇవి అన్నాను. ఆవిడ తెర మీద వేలు పెట్టి రెంటి మధ్యా అటూ ఇటూ తిప్పింది. "ఈల్లు పక్కపక్కనే ఉన్నారే" అంది. అవును పెద్దమ్మా, పక్కపక్కనే అన్నాను.

కొడుకుల కబుర్లు, పోయినాయన కబుర్లు, ఆవిడ పుట్టిన ఉద్దానం పల్లె కబుర్లు. నేనూ చెప్పాను. తప్పిపోయిన పెళ్లి గురించి నేను నోరు విప్పింది ఆవిడ దగ్గరే. "పోనీలే, దానికి రాసి లేదు" అంది. నాకు లేదని అనలేదు. ఆ చిన్న తేడాకి కూడా నేను పొంగిపోయాను.

నిజ ఆషాఢం వచ్చిన రోజు చిన్నబాబు భార్య గడప దగ్గర నిలబడి "రాండత్తా" అంది. వంతు వంతే. ఆవిడ గిన్నె, స్టవ్వు సర్దుకుంటూ "మల్లీ అధికం ఎప్పుడొత్తాదో" అంది. పంచాంగం చూసి చెప్పాను, దాదాపు మూడేళ్లని. "అప్పుడు మల్లీ ఒండుతాన్లే. నువ్వుంటే" అంది.

ఆ ఏడాది చివర విశాఖపట్నం నుంచి పాత కంపెనీ వాళ్లు పిలిచారు. మంచి ఉద్యోగం. వెళ్లలేదు. ఎందుకని అడిగినవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాను. అసలు కారణం, నేను ఒక నెల కోసం కాచుకుని ఉన్నాను. ఇది బయటికి చెప్తే పిచ్చివాడంటారు. అనరా మరి? సొంత తల్లి కాదు, చుట్టం కాదు, మూడేళ్ల తర్వాత వచ్చే కూర కోసం ఉద్యోగం వదులుకున్నాడంటే!

ఆ మూడేళ్లూ ఆవిడ ఏ వైపు ఉంటే ఆ వైపు వాకిట్లోంచి దూరంగా "తిన్నావేటి?" అనేది. తిన్నాననేవాణ్ణి. అంతకంటే మాట్లాడితే ఎవరికో ఒకరికి అనుమానం. నేను సర్వర్‌కి కొత్త డిస్కులు వేశాను, పాత బ్యాటరీలు మార్చాను, ఇంకో చిన్న సర్వర్ తెప్పించి, ఒకటి పడితే రెండోది ఎత్తుకునేలా ఏర్పాటు చేశాను. మనిషికి అలాంటి ఏర్పాటు లేదు. మెస్సువాడి సాంబారు ఏ రోజు ఎలా ఉంటుందో వాసన బట్టి చెప్పగలిగే స్థితికి వచ్చాను.

ఉగాది వచ్చింది, ఆ ఏడు జ్యేష్ఠం రెండుసార్లని పంచాంగంలో ఉంది. వైశాఖం చివర్న గ్యాస్ పొయ్యి ఒకటి, చిన్న సిలిండరు, రెండు గిన్నెలు కొన్నాను. కిరసనాయిల్ పొగకి ఆవిడ దగ్గడం గుర్తుంది. వసారా నేనే కడిగాను. బియ్యం, కందిపప్పు, సంతలో మంచి పనసకాయ తెచ్చిపెట్టాను.

అధిక జ్యేష్ఠం మొదటి రోజు పొద్దున్నే పెద్దబాబు వైపు తలుపు దగ్గర ఆవిడ గొంతు వినబడింది. గబగబా వెళ్లి తీశాను. చేతిలో సంచి ఉంది. మొహం వెలిగిపోతోంది. ఆ మొహం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"బాబూ, ఇన్నావా? కిందటిసారి ఊల్లో నలుగురూ నవ్వినారంట. పెద్దమనిసిని మల్లీ పిలిసి ఈ నెల కూడా పంచీసినారు. ముందు పచ్చం పదేన్రోజులు పెద్దోడు, ఎనక పచ్చం సిన్నోడు. ఇద్దరూ నాకు ముందంటే నాకు ముందని కొట్టుకున్నారు బాబూ, నా కోసం."

"మంచిమాట పెద్దమ్మా" అన్నాను. నిజంగా మంచిమాటే. ఆవిడ కొడుకులు ఆవిడ కోసం పోట్లాడుకుంటే నేనెవర్ని బాధపడటానికి? కాని పెద్దమనిషి ఈసారి ఏదీ మిగల్చలేదు.

ఆవిడ నా భుజం మీంచి లోపలికి తొంగి చూసింది. కడిగిన వసారా, పొయ్యి, గిన్నెలు అక్కణ్ణించి కనబడుతున్నాయి.

"పొయ్యి కొన్నావేటి, కొత్తది?"

"టీ పెట్టుకోడానికి" అన్నాను.

సంతోషంలో ఉన్న మనిషి కదా, నమ్మేసింది.